ఆదివారం పదకొండింటికి చచ్చిపోయే గుర్రం

ఆ గుర్రం చచ్చిపోవడం మొదటిసారి చూసినప్పుడు బాబాయి చేతిలో లద్దె తట్ట ఉంది. తట్ట కింద పెట్టి పరుగెత్తాలా, తట్టతోనే పరుగెత్తాలా అని తేల్చుకునేలోపే అక్కడ ఏడుపులు మొదలయ్యాయి.

దాని కథ చెప్పాలంటే ముందు మేడమ్ గారి గురించి చెప్పాలి. చెప్పకపోతే ఆవిడకే కాదు, అక్కడి గోడలక్కూడా కోపం వస్తుంది. అన్ని గోడల మీదా ఆవిడ ఫోటోలే. చాకిరీ చేసి అలసిపోయిన గుర్రాలకూ, దెబ్బలు తిని వచ్చిన గుర్రాలకూ చివరి రోజుల్లో ఇంత గడ్డీ ఇంత ప్రేమా పెట్టాలని ఆవిడ తన తండ్రి వదిలిపోయిన ఇటుకబట్టీ స్థలంలో 'అశ్వ విశ్రాంతి నిలయం' తెరిచారు. గడ్డి పెట్టడం బాబాయి పని. ప్రేమ పెట్టడం మేడమ్ గారి పని. ప్రేమకు వేళలున్నాయి, ఆదివారం పదిన్నర నుంచి పన్నెండు దాకా. మిగతా రోజుల్లో గుర్రాలు గడ్డితోనే సరిపెట్టుకోవాలి.

బాబాయి ముప్పై ఎనిమిదేళ్లు స్వారీ నేర్పే బడిలో గుర్రాలను చూసుకున్నాడు. బడి మూతపడ్డాక ఇక్కడ చేరాడు. మోకాళ్లు అరిగిపోయాయి గానీ కళ్లూ చెవులూ బాగానే ఉన్నాయి. నోరు ఎక్కువగా తెరవడు. తనకంటే పెద్దవాళ్లు కూడా ఆయన్ని బాబాయనే పిలుస్తారు. అసలు పేరు ఇంట్లో ఉన్న పిన్నికైనా గుర్తుందో లేదో.

ఆ గుర్రం సినిమాల్లోంచి వచ్చింది. ఇరవై రెండేళ్ల వయసు, తెల్లటి ఒళ్లు, మూతి దగ్గర మాత్రం బూడిద రంగు. ఎడమ తుంటి అరిగిపోయిందని సినిమావాళ్లు వదిలించుకోబోతుంటే మేడమ్ గారు కాపాడి తెచ్చారు. ఆ మాట నిజం, కాదనకూడదు. లారీ దిగీ దిగకముందే దానికి 'అమరుడు' అని పేరు కూడా పెట్టేశారు. బాబాయి మాత్రం మొదటి రోజునుంచీ "ఒరే ముసలోడా" అనే పిలిచాడు. అదీ ఆ పిలుపుకే పలికింది.

వచ్చిన ఆదివారమే స్వాగత సభ. ఎనభై కుర్చీలు వేశారు. మేడమ్ గారు గుర్రం మెడ మీద చెయ్యేసి, ఈ రోజునుంచి నీకు కష్టమన్నది లేదు అని ముగించగానే జనం చప్పట్లు కొట్టారు. అంతే. గుర్రం ఎడమ ముంగాలు మడిచింది, ఒళ్లంతా ఒక్కసారి గాల్లోకి విసిరినట్టు పక్కకు తిరిగింది, దబ్బున పడింది. నాలుగు కాళ్లూ బిగదీసుకుంది. నాలుక బయటపెట్టింది. కళ్లు తేలేసింది.

జనం నోళ్లు వెళ్లబెట్టారు. మేడమ్ గారు మోకాళ్ల మీద కూలబడి గుర్రం మెడ కావలించుకుని భోరుమన్నారు. ఆ ఏడుపు నిజమైనదే. పక్కన ఆవిడ మేనల్లుడు ఫోను పట్టుకుని తీస్తూనే ఉన్నాడు. పెద్దలు పోయినా ముందు ఫోను తీసి ఆ తర్వాత ఏడ్చే రకం అతను.

బాబాయి తట్టతో సహా దగ్గరికి వచ్చి చూశాడు. గుర్రం చెవి ఒకటి మెల్లగా వెనక్కి తిరిగింది. మళ్లీ ముందుకు తిరిగింది. చచ్చిన గుర్రం చెవి తిప్పదు. అది దేనికోసమో వింటోంది. ఎప్పుడో స్వారీ బడిలో నాలుగు రోజులు షూటింగు జరిగింది. అప్పుడు చూసినవన్నీ బాబాయికి గుర్తొచ్చాయి. తట్ట సర్దుకుంటున్నట్టు వంగి, చెవి దగ్గర "కట్" అన్నాడు. గుర్రం నిట్టూర్చింది గానీ లేవలేదు. పాపం, కట్ అంటే ఇంకో టేకు ఉండొచ్చని దానికి తెలుసు. ఈసారి "ఓకే" అన్నాడు. గుర్రం లేచి నిలబడి ఒళ్లు దులుపుకుంది.

ఇంకేముంది, మేడమ్ గారి కౌగిలి చచ్చిన గుర్రాన్ని బతికించిందన్నారు. సాయంత్రానికల్లా ఆ వీడియో చూడనివాడు లేడు. బట్టల కొట్లో, మందుల షాపులో, క్షౌరశాలలో ఎక్కడ చూసినా మేడమ్ గారు గుర్రాన్ని కావలించుకునే ఉన్నారు.

బాబాయి ఇక్కడే పొరపాటు చేశాడు. నిజం చెబితే ఆపేస్తారనుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు గుర్రాలతో గడిపిన మనిషికి మనుషుల సంగతి ఏం తెలుస్తుంది. సోమవారం పొద్దున్నే ఆఫీసు గదిలోకి వెళ్లి నిలబడ్డాడు.

"మేడమ్ గారూ, వాడికి జబ్బేం లేదండి. చప్పట్లు వింటే పడాలని నేర్పారు. ఓకే అంటే లేస్తాడు. సినిమాల్లో వాడి పనే అది. మనం చప్పట్లు కొట్టకుండా ఉంటే చాలండి."

మేడమ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఓకే అంటే లేస్తాడా?"

"లేస్తాడండి."

"ఎవరన్నా లేస్తాడా, నువ్వంటేనే లేస్తాడా?"

"ఎవరన్నా లేస్తాడండి."

"నువ్వు చాలా మంచివాడివి బాబాయ్," అన్నారు మేడమ్ గారు. "కానీ నీకు దాని ఒళ్లే తెలుసు. మనసు తెలియదు. అది నటన కాదు. తన బాధని మనతో చెప్పుకుంటోంది. చెప్పుకోనివ్వాలి కదా."

ఆ రోజునుంచీ ఆదివారం పదకొండింటికి గుర్రం తన బాధ చెప్పుకోవడం మొదలుపెట్టింది. మేడమ్ గారు మాట్లాడతారు, జనం చప్పట్లు కొడతారు, గుర్రం పడుతుంది, అందరూ ఏడుస్తారు. తర్వాత ఆవిడ దాని చెవిలో ఏదో చెబుతారు, అది లేస్తుంది. ఏం చెప్పారని ఎవరైనా అడిగితే, అది నాకూ తనకూ మధ్య మాట అని నవ్వుతారు. ఒక ఆదివారం మేనల్లుడు "ఓకే అత్తా, రికార్డవుతోంది" అనేసరికి గుర్రం ఏడుపులకంటే ముందే లేచి నిలబడింది. మర్నాడే కంచెకు బోర్డు వెలిసింది. 'అశ్వం సమీపంలో ఓకే అనకండి. దాని మనోభావాలు దెబ్బతింటాయి.'

దాని తుంటి దెబ్బతినడం గురించి మాత్రం ఏ బోర్డూ లేదు. బాబాయి పడేచోట ఇసుక పోశాడు. ఇసుకలో పడితే ఫోటోలో దుమ్ము లేస్తోందని మేనల్లుడు తీయించేశాడు. గడ్డి పరిచాడు. పరుపు వేసినట్టు కనిపిస్తోంది, సహజంగా లేదన్నాడు. చివరికి పచ్చగడ్డి మొలిచిన గట్టినేల మీదే పడాలని ఖాయమైంది. చూడముచ్చటగా ఉంటుందట.

పశువుల డాక్టరు వచ్చి తుంటి నొక్కి చూశాడు. గుర్రం చర్మం జలదరించింది.

"లోపల గిన్నె అరిగిపోయింది బాబాయ్. ఇలాగే పడుతూ పోతే ఏదో ఒక ఆదివారం ఎవరేం చెప్పినా లేవదు."

"ఆ మాట మేడమ్ గారితో చెప్పండి డాక్టరుగారూ."

"చెప్పాను. ఎంత బాగా చెప్పారో అని మెచ్చుకుని, అదే మాట వీడియోలో కూడా చెప్పమన్నారు."

బాబాయిని కుమ్మరి పురుగులా తొలిచేది ఇంకొకటుంది. పొద్దున్నే శాలలోకి వెళితే మిగతా గుర్రాల డొక్కలకు గడ్డిపరకలు అంటుకుని ఉంటాయి, పడుకుని లేచాయి కాబట్టి. ఈ ముసలోడి ఒంటి మీద ఒక్క పరక ఉండదు. నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా పడుకోలేదు. నిలబడే కునుకుతాడు, మోకాళ్లు వణికి ఒరిగిపోబోతాడు, ఉలిక్కిపడి మళ్లీ నిలబడతాడు. వచ్చినవాళ్లతో మేడమ్ గారు గర్వంగా చెబుతారు, "చూశారా మా అమరుడు ఎంత శుభ్రమో. ఒంటికి గడ్డి కూడా అంటనివ్వడు."

ఈ సంగతి ఇంటికెళ్లి పిన్నితో చెబితే ఆవిడ కూర తరుగుతూ విన్నది.

"గుర్రాలు పడుకుంటాయా అసలు?"

"రోజుకి కాసేపైనా ఒళ్లు వాల్చాలి. లేకపోతే నిద్ర నిద్రలా ఉండదు."

"మరి ఇదెందుకు పడుకోదు?"

"పడుకోవడం వాడికి ఉద్యోగం," అన్నాడు బాబాయి. "పని లేనప్పుడు కూడా పని ఎవరు చేస్తారు."

పిన్ని కత్తి పక్కన పెట్టింది. "అయితే ఆవిడ చేసిన దయ ఏమిటి? అక్కడ సినిమాకి చచ్చేది, ఇక్కడ వీడియోకి చస్తోంది. ఇంటి అడ్రసు మారింది, అంతేగా."

బాబాయి తరిగిన ముక్కలు గిన్నెలోకి తోశాడు. పిన్ని అడిగే ప్రశ్నలకు జవాబులుండవని ఆయనకు పెళ్లయిన కొత్తలోనే తెలిసింది.

అంతలో ఒక మంచి జరిగింది. గుర్రాల మౌనం గురించి మాట్లాడమని మేడమ్ గారికి నాలుగైదు ఊళ్లనుంచి పిలుపులొచ్చాయి. మౌనం గురించి నెల రోజులపాటు మాట్లాడటానికి ఆవిడ మేనల్లుడితో సహా బయలుదేరారు. తిరిగొచ్చిన ఆదివారమే నిలయం వార్షికోత్సవం. ఈ గుర్రానికి చావడం నేర్పిన ఫైటు మాస్టారే ముఖ్య అతిథి. గురువు ఎదురుగా శిష్యుడు పడి లేస్తే చూసేవాళ్లు కన్నీరుమున్నీరవుతారని మేనల్లుడి ఆలోచన.

అంటే బాబాయికి నాలుగు వారాలు దొరికాయి. ఏం చేయాలో చాలా రోజులుగా మనసులో ఉంది గానీ, మధ్యలో ఒక్క ఆదివారం వచ్చినా చేసిందంతా నీళ్లపాలవుతుందని ఊరుకున్నాడు. ఆ సాయంత్రమే ఇంట్లో అటకెక్కి ఉన్ని చేతితొడుగులు రెండు జతలు దించాడు.

"ఈ ఎండల్లో అవెందుకు?" అంది పిన్ని.

"చప్పట్లు కొట్టడానికి."

పిన్ని ఆయన నుదురు పట్టుకుని చూసింది.

మర్నాడు మధ్యాహ్నం, గేటు మూసి ఉన్న వేళ, గుర్రానికి పది అడుగుల దూరంలో నిలబడి, ఆ రెండు జతలూ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని చేతులు కలిపాడు. చప్పుడే రాలేదు. గుర్రం చెవులు మాత్రం నిక్కించింది. వెంటనే క్యారెట్టు అందించాడు. మళ్లీ కలిపాడు, మళ్లీ అందించాడు. రోజుకి ముప్పై సార్లు. వారం గడిచాక రెండు జతల్లో ఒక జత తీసేశాడు. మెత్తటి శబ్దం వచ్చింది. గుర్రం ఎడమ ముంగాలు వణికింది, సగం మడిచింది. బాబాయి పరుగున వెళ్లి దాని ఛాతీకి భుజం ఆనించాడు. ఐదు వందల కిలోల గుర్రాన్ని అరవై రెండేళ్ల మనిషి ఆపగలడా అంటే ఆపలేడు. కానీ గుర్రం ఆగింది. ఒళ్లంతా చెమటలు కక్కుతూ, ఏం చేయాలో తెలియక ఆయన ముఖంలోకి చూసింది.

"పడక్కర్లేదురా ముసలోడా," అన్నాడు బాబాయి. "క్యారెట్టు తిను. అంతే పని."

మూడో వారానికి ఉన్ని పోయి నూలు తొడుగులొచ్చాయి. నాలుగో వారానికి ఉత్త చేతులు. చప్పట్లు వినిపిస్తే చాలు, గుర్రం నడిచొచ్చి జేబులో మూతి పెట్టడం మొదలుపెట్టింది. ఇంట్లో క్యారెట్టు అన్నది కనబడకుండా పోయింది. పిన్ని మాత్రం సంచి నిండా తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, "నీ ఆరోగ్యానికి మంచిదని తెచ్చాన్లే" అనేది, ఏమీ తెలియనట్టు.

వార్షికోత్సవం రానే వచ్చింది. మూడు వందల కుర్చీలు, మూడు కెమెరాలు, గుర్రం పడాల్సిన చోట సుద్దతో గీసిన గుండ్రటి గీత. మేడమ్ గారు తెల్లబట్టలు కట్టుకుని, చేతిరుమాలు కనబడేలా పట్టుకుని నిలబడ్డారు. ఫైటు మాస్టారు ముందు వరసలో కూర్చున్నాడు. గుర్రాల మీదనుంచి పడీ పడీ ఆయనకూ ఒక కాలు కుంటే.

"ఈ మూగజీవం తన గురువు ముందు ఏం చెప్పుకుంటుందో చూద్దాం," అన్నారు మేడమ్ గారు. "మన చప్పట్లతో పలకరిద్దాం."

మూడు వందల మంది చప్పట్లు కొట్టారు. గుర్రం ఎడమ మోకాలు ఒక్కసారి వణికింది. మోకాలు నిలిచింది. గుర్రం తల ఎత్తి, నిదానంగా మేడమ్ గారి దగ్గరికి నడిచి, ఆవిడ చేతిసంచిలో మూతి పెట్టింది. క్యారెట్టు దొరకలేదు. ప్రసంగం కాగితం దొరికింది. అది నమిలింది. నచ్చక చేతిరుమాలు లాక్కుంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వినవాళ్లు ఊరుకుంటారా, చప్పట్లు కొట్టారు. గుర్రం అటు వెళ్లింది. ఈ పక్కవాళ్లు కొట్టారు. ఇటు వచ్చింది. ఒక ముసలాయన జేబులోంచి వక్కపొడి పొట్లం, ఒకావిడ జడలోంచి పువ్వు, ఇంకొకరి టోపీ, అన్నీ రుచి చూస్తూ వరస వరసా తిరిగింది. పిల్లలు విరగబడి నవ్వారు. అంతమంది వచ్చిన సభలో ఒక్కరంటే ఒక్కరు ఏడవలేదు.

"రీటేక్ చేద్దామా అత్తా?" అన్నాడు మేనల్లుడు.

మేడమ్ గారి ముఖం మాడిపోయింది. మైకు దగ్గరికొచ్చి, చావు కబురు చెప్పే గొంతుతో చెప్పారు. "అమరుడికి పూర్తిగా నయమైపోయింది."

సభ ముగిశాక ఆఫీసు గదిలో అమరుడి సంగతి తేలిపోయింది. ఈ నిలయం బాధపడే గుర్రాలకు. బాధ లేని గుర్రం ఇక్కడ ఉండటం బాధపడే గుర్రాలకు అన్యాయం. మేడమ్ గారు గొప్ప న్యాయం తెలిసిన మనిషి. బాబాయిని పిలిచి చెప్పేసరికి అప్పటికే నిర్ణయం అయిపోయింది, ఫైటు మాస్టారు తిరిగి తీసుకుపోతానన్నాడట. వచ్చే నెలలో నలభై గుర్రాల యుద్ధం సీను ఉంది.

బాబాయి లెక్క వేసుకున్నాడు. పచ్చగడ్డి మీద వారానికొక్కసారి పడే గుర్రాన్ని, రాళ్ల మీద రోజుకి పదిసార్లు పడే చోటికి తనే పంపుతున్నాడు. ఈ తెలివితేటలు తనకెందుకనుకున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, నిలబడలేక శాల అరుగు మీద కూర్చుండిపోయాడు.

ఫైటు మాస్టారు కుంటుకుంటూ శాలలోకి వచ్చాడు. గుర్రం ఆయన్ని గుర్తుపట్టింది. చెవులు వెనక్కి పెట్టింది.

"జనం కొడితే చప్పట్లే," అన్నాడు మాస్టారు. "నేను కొడితే క్లాపు. చూడు."

చేతులెత్తి రెండంటే రెండు కొట్టాడు. గోడలు మోగాయి. గుర్రం ఎడమ కాలు సగందాకా మడిచింది. పద్నాలుగేళ్లు ఆ చేతుల కిందే చచ్చింది మరి. అలాగే ఉండిపోయింది, అటూ ఇటూ కాకుండా. బాబాయి జేబులో క్యారెట్టు లేదు, పొద్దున్నే అయిపోయాయి. చెయ్యి ముందుకు చాపే ఓపిక కూడా లేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాడు. గుర్రం మాస్టారిని చూసింది. బాబాయిని చూసింది. కాలు చాపి, నాలుగడుగులు నడిచొచ్చి, ఆయన ఖాళీ జేబులో మూతి దూర్చింది.

మాస్టారు మళ్లీ కొట్టాడు. మూతి బయటికి రాలేదు.

"పాడుచేశావయ్యా గుర్రాన్ని," అన్నాడు మాస్టారు. కోపం కాదు, ఇంకేదో ఉంది ఆ గొంతులో. తన కుంటికాలు ఒకసారి చూసుకున్నాడు. "ఇక ఎందుకూ పనికిరాదు."

"అవునండి," అన్నాడు బాబాయి. "బొత్తిగా పనికిరాదు."

చావని గుర్రం సినిమాకి అక్కర్లేదు. ఏడిపించని గుర్రం దయకి అక్కర్లేదు. మేడమ్ గారు చేతులు దులుపుకుని, బాబాయి ముందు దత్తత కాగితం పడేశారు. అందులో 'ఈ అశ్వాన్ని ఏ ప్రయోజనం కొరకు తీసుకొనుచున్నారు' అని ఒక గడి ఉంది. బాబాయి కలం అందుకుని 'ఏమీ లేదు' అని రాశాడు. ఇలా రాస్తే బాగుండదని మేనల్లుడన్నాడు. బాబాయి ఆ రోజుకి మాత్రం ఇంకో మాట రాయనన్నాడు.

ఇంటి వెనక పాత రేకుల షెడ్డు ఉంది. పిన్ని అప్పటికే అందులోని పాత సామానంతా బయటపడేసి, గడ్డి పరిచి, ఏమీ తెలియనట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది. గుర్రం వచ్చి నిలబడింది. మర్నాడూ నిలబడే ఉంది. మూడోనాడూ అంతే. బాబాయి పొద్దున్నే వెళ్లి డొక్క చూసేవాడు. శుభ్రంగా ఉండేది. గడ్డి మార్చి వచ్చేసేవాడు.

పదో రోజు మధ్యాహ్నం భోజనం చేసి పెరట్లోకి వెళ్లేసరికి గుర్రం నేల మీద ఉంది. కాళ్లు చాపేసి, తల గడ్డిలో పెట్టి, ఎడమ తుంటి మీద కాదు, కుడి పక్కకు తిరిగి. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. బాబాయి చెంబు కింద పడేసి, మోకాళ్ల నొప్పి మరిచిపోయి పరుగెత్తాడు.

"ఓకే," అన్నాడు. "ఒరే ముసలోడా, ఓకే."

గుర్రం ఒక కన్ను తెరిచింది. ఆయన్ని చూసింది. మళ్లీ మూసుకుంది. లేవలేదు. కాసేపటికి గురక వినిపించింది.

పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏమిటి, లేవమంటే లేవడం లేదా?"

బాబాయి అక్కడే గడ్డిలో కూర్చున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "లేవడులే. నా మాట వినడు."

సాయంత్రం నాలుగింటికి గుర్రం తనంతట తనే లేచింది. డొక్క నిండా గడ్డిపరకలు. దులపబోయి పిన్ని చీపురు తెస్తే, బాబాయి ఆ చీపురు లాక్కుని గోడకు ఆనించాడు. "ఉండనీవే," అన్నాడు.